ఫ్రాంకెన్‌స్టైన్ నవలను ఎలా చదవాలి, దాని ఇతివృత్తం గురించి, శైలి గురించి ఎలా రాయాలి

ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్లలో చాలామందికి మేరీ షెల్లీ రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ పేరు వినగానే గైడులోని జాబితా గుర్తొస్తుంది: అత్యాశ, ఒంటరితనం, ప్రకృతి, సైన్సు వల్ల ముప్పు, పగ. ఒక్కో ఉపశీర్షిక కింద నాలుగు వాక్యాలు రాస్తే పరీక్ష గట్టెక్కుతుంది. కానీ ఆ జవాబులో నవల ఎక్కడా కనిపించదు. అదే జాబితా ఇంకో పది నవలలకు కూడా సరిపోతుంది కదా.

ఈ నవలను నేను చాలా ఇష్టంగా చదువుతాను, వీలైనప్పుడల్లా ఇతరులతో చదివిస్తాను. దీని గురించి నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఇందులో ఇతివృత్తాన్ని, శైలిని విడదీయలేం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వింటున్నారు, ఎవరు చూడగానే జడుసుకుని వినకుండా పారిపోతున్నారు అనే విషయం మీదే కథంతా నడుస్తుంది. కథ చెప్పే పద్ధతి కూడా దానిమీదే నిలబడి ఉంది. ఈ తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఎలా లాగాలో వరసగా చెబుతాను.

1. ముందు మీ చేతిలో ఉన్నది ఏ కూర్పో చూసుకోండి

ఈ నవల 1818 జనవరి 1న లండన్‌లో మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు లేకుండా వెలువడింది. వేసింది 500 ప్రతులు. ముందుమాట రాసింది ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ. 1823లో ఆమె పేరుతో రెండో ముద్రణ వచ్చింది. 1831లో ఆమె చాలాచోట్ల మార్పులు చేసి, కొత్త ముందుమాట రాసి, ఒకే సంపుటంగా తెచ్చింది. అంటే మనకు రెండు ఫ్రాంకెన్‌స్టైన్‌లు ఉన్నాయన్నమాట.

గుర్తుపట్టడం తేలికే. అధ్యాయాలు 1 నుంచి 24 వరకు వరసగా ఉంటే అది 1831 కూర్పు. ప్రతి సంపుటంలో అధ్యాయాల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైతే 1818 కూర్పు. ఇంకా అనుమానం ఉంటే కథానాయకుడు విక్టర్ పెళ్లాడబోయే ఎలిజబెత్ ఎవరో చూడండి. విక్టర్‌కు మేనత్త కూతురైతే 1818. కోమో సరస్సు దగ్గర ఒక పేద ఇంట్లో దొరికిన పిల్లయితే 1831. మన దగ్గర మేనత్త కూతుర్ని చేసుకోవడం మామూలే కాబట్టి ఈ మార్పు మనకు పెద్దగా తట్టకపోవచ్చు. కానీ రచయిత్రి ఇద్దరి మధ్య ఉన్న రక్తసంబంధాన్ని పనిగట్టుకుని తీసేసింది.

రెండు కూర్పులూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి ఏది చదివినా పరవాలేదు. ఏది చదివారో మాత్రం మీ జవాబులో ఒక్క వాక్యంలో చెప్పండి. ఈ వ్యాసంలో నేను ఇచ్చే అధ్యాయాల సంఖ్యలన్నీ 1831 కూర్పువి.

2. సినిమాను బుర్రలోంచి తీసేయండి

1931 హాలీవుడ్ సినిమాలో బోరిస్ కార్లాఫ్ వేసిన వేషం ప్రపంచమంతా పాకింది. చదునైన తల, మెడకు బోల్టులు, మాటలు రాని గొంతు. ఇవేవీ నవల్లో లేవు. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది శవాల భాగాలతో ఒక మనిషిని తయారు చేసిన విక్టర్ ఇంటిపేరు, తయారైనవాడికి అసలు పేరే లేదు. విక్టర్ అతన్ని దయ్యమనీ, పిశాచమనీ, నీచుడనీ తిట్లతోనే పిలుస్తాడు. నేను ఇక్కడ ప్రాణి అంటాను.

ఒక చిన్న పని చేయండి. చదవడానికి ముందు ఈ కథ గురించి మీకు తెలుసనుకున్నవన్నీ కాగితం మీద రాసుకోండి. తర్వాత 4, 5 అధ్యాయాలు చదివి సరిచూసుకోండి. ప్రాణం పోసే రాత్రి పిడుగు పడదు. పిడుగు పడేది 2వ అధ్యాయంలో, విక్టర్‌కు పదిహేనేళ్లప్పుడు, ఇంటి దగ్గరి ఓక్ చెట్టు మీద. గూనివాడైన అసిస్టెంట్ ఎవరూ లేరు, విక్టర్ ఒంటరిగానే పని చేస్తాడు. ప్రాణం ఎలా పోశాడో కూడా రచయిత్రి చెప్పదు. ఆ రహస్యం అడగొద్దని విక్టర్, తన కథ వింటున్న ఓడ నాయకుడు వాల్టన్‌ను ముందే హెచ్చరిస్తాడు. యంత్రాల వర్ణనకు పోకుండా ఆమె మన చూపును మనిషి మీదే నిలిపింది. శైలి గురించి మీరు రాసుకోవాల్సిన మొదటి పాయింట్ ఇదే.

3. ఎవరు ఎవరికి చెబుతున్నారో బొమ్మ గీయండి

ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లకండి. కాగితం మీద ఒకదానిలో ఒకటిగా పెట్టెలు గీయండి.

అన్నిటికన్నా బయటి పెట్టెలో ఉన్నది రాబర్ట్ వాల్టన్. ఉత్తర ధ్రువం వైపు ఓడలో వెళ్తూ ఇంగ్లండులో ఉన్న తన అక్క మార్గరెట్ సావిల్‌కు ఉత్తరాలు రాస్తుంటాడు. మంచులో చిక్కుకున్న ఓడ మీదికి వచ్చిన విక్టర్ అతనికి తన కథ చెబుతాడు. అది రెండో పెట్టె. విక్టర్ కథ మధ్యలో, 11 నుంచి 16 వరకు ఉన్న అధ్యాయాల్లో, ప్రాణి తన కథ తానే చెప్పుకుంటాడు. అది మూడోది. ఆ కథ లోపల మళ్లీ అతను చాటుగా గమనించిన డి లేసీ కుటుంబం కథ, సఫీ అనే అమ్మాయి కథ ఉన్నాయి.

ఇప్పుడు ఒక్కో పెట్టె పక్కన రెండు ప్రశ్నలు రాసుకోండి. ఈ మాటలు ఎవరి చేతులమీదుగా మనదాకా వచ్చాయి? వినేవాళ్లు ఎందుకు వింటున్నారు?

మొదటి ప్రశ్నకు జవాబు వెతికితే ఆశ్చర్యపోతారు. ప్రాణి మాట్లాడిన మాటలు విక్టర్ నోటిగుండా వాల్టన్‌కు చేరాయి, వాల్టన్ రాసుకున్నాడు. అంతటితో అయిపోలేదు. వాల్టన్ నోట్సు రాస్తున్నాడని తెలిసి విక్టర్ వాటిని అడిగి తీసుకుని, చాలాచోట్ల దిద్దాడు, పెంచాడు. ముఖ్యంగా తన శత్రువుతో జరిగిన సంభాషణలకు జీవం పోశాడని వాల్టనే చివర్లో చెబుతాడు. ప్రాణి అంత గొప్పగా మాట్లాడతాడే, ఆ వాగ్ధాటిలో అతనిది ఎంత, విక్టర్‌ది ఎంత? దీనికి నవల్లో జవాబు లేదు. ప్రశ్న మాత్రం ఉంది. మీ జవాబుపత్రంలో ఈ ఒక్క విషయం ఉన్నా దిద్దేవాళ్లు ఆగి చదువుతారు.

సాక్ష్యం సంగతి కూడా చూడండి. ప్రాణి తన కథ నిజమని నిరూపించడానికి సఫీ రాసిన ఉత్తరాల నకళ్లు విక్టర్‌కు ఇస్తాడు, వాటిని వాల్టన్ కళ్లారా చూస్తాడు. విక్టర్ చెప్పిన మాటలకంటే ఆ కాగితాలే తనను ఎక్కువ నమ్మించాయని కూడా అంటాడు. మొత్తం కథ నడిబొడ్డున ఒక ఆడపిల్ల రాసిన ఉత్తరాలు ఉన్నాయి, వాటిలోని వాక్యాలు మాత్రం మనకు చదవడానికి ఇవ్వలేదు.

రెండో ప్రశ్నకు జవాబు వాల్టన్ రెండో ఉత్తరంలోనే దొరుకుతుంది. తనకు స్నేహితుడు లేడని అక్క దగ్గర మొరపెట్టుకుంటాడు. ప్రాణి అడిగేది కూడా తోడే. ఒంటరితనం అనే ఇతివృత్తం ప్రాణి దగ్గర మొదలైందనుకుంటే పొరపాటు, అది నవల మొదటి పేజీల్లోనే ఉంది. విక్టర్‌కు తండ్రి ఉన్నాడు, ఎలిజబెత్ ఉంది, ప్రాణంగా చూసుకునే స్నేహితుడు క్లెర్వల్ ఉన్నాడు. అన్నీ ఉండి వదులుకున్నవాడు ఒకడు, ఏదీ లేక అడుక్కుంటున్నవాడు ఇంకొకడు.

4. 5వ అధ్యాయం మొదటి రెండు పేజీలను నిదానంగా చదవండి

మొత్తం నవలను హడావుడిగా రెండుసార్లు చదివేకంటే ఈ రెండు పేజీలను పదిసార్లు చదవడం మేలు. పైకి చదవండి. వాక్యం ఎక్కడ పొడుగ్గా సాగుతోందో, ఎక్కడ తెగుతోందో చెవికి తెలుస్తుంది.

నవంబరు నెల, దిగులు పుట్టించే రాత్రి. తెల్లవారుజామున ఒంటిగంట. కిటికీ అద్దాల మీద చినుకులు పడుతున్నాయి. కొవ్వొత్తి కొడిగట్టింది. ఆ గుడ్డి వెలుతురులో పసుపుపచ్చని కన్ను తెరుచుకుంటుంది. ఊపిరి గట్టిగా తీస్తాడు, కాళ్లూ చేతులూ వణుకుతాయి. దాదాపు రెండేళ్ల కష్టం ఫలించిన క్షణం ఇది. కానీ వాక్యాల్లో సంబరం ఎక్కడా లేదు.

పెన్సిల్ తీసుకుని ప్రాణి ఒంటి వర్ణనను రెండు వరసలుగా విడగొట్టండి. ఒకవైపు నల్లగా నిగనిగలాడే జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు, కొలత తప్పని అవయవాలు. రెండోవైపు లోపలి కండరాలూ రక్తనాళాలూ కనిపించేంత పలచని పసుపు చర్మం, నీళ్లు నిండిన కళ్లు, ముడతలు పడ్డ ముఖం, తిన్నని నల్లటి పెదాలు. విడివిడిగా అందమైనవి ఏరి తెచ్చాడు. ఒకచోట చేర్చి ప్రాణం పోసేసరికి భయంకరంగా తయారైంది. అందమైనవే ఎంచుకున్నానని చెబుతూ విక్టర్ ఆ మాట దగ్గర ఆగిపోతాడు. అందం! దేవుడా! అని వాక్యం తెగిపోతుంది. అప్పటిదాకా తర్కంగా, నిండుగా మాట్లాడిన పండితుడి భాష ఇక్కడ విరిగింది. శైలి అంటే ఇదీ. భయం కలిగింది అని రాయడం వేరు, భయంతో వాక్యాన్ని విరిచెయ్యడం వేరు.

తర్వాత పారిపోయి పక్కగదిలో పడుకుంటాడు. కల వస్తుంది. ఎలిజబెత్‌ను ముద్దు పెట్టుకోగానే ఆమె పెదాలు పాలిపోతాయి, చేతుల్లో చనిపోయిన తల్లి శవం ఉంటుంది, కప్పిన గుడ్డ మడతల్లో పురుగులు పాకుతుంటాయి. ప్రాణం పోసిన రాత్రే చావు కల. ఆడదాని ప్రమేయం లేకుండా ఒక మనిషిని పుట్టించినవాడి కలలో కాబోయే భార్య, తల్లి ఇద్దరూ శవాలయ్యారు. దీని మీద ఎన్నో పరిశోధనలు వచ్చాయి, మీరు కూడా ఒక పేరా రాయగలరు.

అసలైన వాక్యం ఆ తర్వాత వస్తుంది. మెలకువ వచ్చేసరికి ప్రాణి మంచం తెర పైకెత్తి చూస్తుంటాడు. నోరు తెరుస్తాడు, ఏవో అర్థంకాని శబ్దాలు చేస్తాడు, బుగ్గలు ముడతలు పడేలా నవ్వుతాడు. ఏదైనా మాట్లాడి ఉండవచ్చు, నేను వినలేదు అంటాడు విక్టర్. ఒక చెయ్యి ముందుకు చాపాడు, నన్ను ఆపడానికే కావచ్చు, నేను తప్పించుకున్నాను అంటాడు. ఒక్కసారి విక్టర్‌ను పక్కన పెట్టి ఆ కదలికలను మాత్రమే చూడండి. అర్థంకాని శబ్దాలు, నవ్వు, ముందుకు చాచిన చెయ్యి. అప్పుడే పుట్టినవాడు కన్నవాళ్ల కోసం చేసేవే అవన్నీ. పక్కనే నిలబడి విక్టర్ వాటిని దాడి కింద లెక్కగట్టి మనకు చెబుతున్నాడు. ఒకే వాక్యంలో రెండు కథలు ఉన్నాయి, చెప్పేవాడికి ఒకటే తెలుసు.

ఈ వాక్యం కింద గీత గీసుకోండి. చివర్లో దీంతో పని పడుతుంది.

5. ప్రాణి చెప్పే అధ్యాయాలకు వేరే నోట్సు పెట్టుకోండి

11వ అధ్యాయం మొదలవగానే భాష మారిపోతుంది. విక్టర్ మాటల్లో విధి, శాపం, నరకం లాంటి పెద్ద మాటలు ఎక్కువ. ప్రాణి మాత్రం వెలుతురు, ఆకలి, దాహం, చలి దగ్గర మొదలుపెడతాడు. చంద్రుణ్ని చూసి సంతోషపడతాడు, అది చంద్రుడని తెలియదు. ఎవరో వదిలేసి వెళ్లిన నిప్పు దగ్గర వెచ్చగా ఉందని చెయ్యి పెట్టి కాల్చుకుంటాడు. హాయినిచ్చినదే నొప్పినీ ఇవ్వడం ఏమిటని ఆశ్చర్యపోతాడు. ఎంత చిన్న సంఘటనో చూడండి. మనుషుల విషయంలో తర్వాత జరగబోయేదంతా ఇందులోనే ఉంది. నవల ఉపశీర్షికలో వచ్చే ప్రొమీథియస్ గ్రీకు కథల్లో నిప్పు దొంగిలించి మనుషులకు ఇచ్చినవాడన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి.

తర్వాత అతను డి లేసీ వాళ్ల ఇంటికి ఆనుకుని ఉన్న చిన్న పాకలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ భాష నేర్చుకుంటాడు. మొదట నేర్చుకున్నవి నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు. ఆ తర్వాత మనుషుల పేర్లు. ఆ అమ్మాయిని అగాథా అనీ చెల్లీ అనీ, ఆ అబ్బాయిని ఫీలిక్స్ అనీ అన్నా అనీ కొడుకా అనీ పిలుస్తున్నారు. ముసలాయనకు ఒకే పేరు, నాన్న. ఈ జాబితాను అతను ఎంత శ్రద్ధగా చెబుతాడో గమనించండి. ఒక్కొక్కరికి ఎన్నో పిలుపులు ఉన్న ఇంటి గోడ అవతల, ఏ పిలుపూ లేనివాడు కూర్చుని ఉన్నాడు. ఒంటరితనం అని పేరు పెట్టకుండానే ఒంటరితనాన్ని చూపించిన చోటు ఇది. వరసలు పెట్టి పిలుచుకునే ఇళ్లలో పెరిగిన మనకు ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

అతను చదివిన పుస్తకాల జాబితా పరీక్షకు కావాలి: మిల్టన్ పారడైజ్ లాస్ట్, ప్లూటార్క్ జీవిత చరిత్రల్లో ఒక సంపుటం, గోథే వెర్థర్. వీటిలో మిల్టన్‌ను వదలకండి. నవల మొదటి పేజీ మీద ఉన్నది అందులోని పంక్తులే. మట్టితో నన్ను మనిషిగా మలచమని నేను నిన్ను అడిగానా అని బైబిల్లోని మొదటి మనిషి ఆదాము దేవుణ్ని నిలదీసే మాటలవి. 10వ అధ్యాయంలో ప్రాణి విక్టర్‌తో తాను అతని ఆదాము కావలసినవాణ్నని, కానీ దేవదూత స్థానం నుంచి పడిపోయినవాడిలా మిగిలానని అంటాడు. తాను మంచివాణ్నేనని, కష్టాలే తనను దుర్మార్గుణ్ని చేశాయని, సంతోషంగా ఉంచితే మళ్లీ మంచివాణ్ని అవుతానని కూడా అంటాడు. దీన్ని పూర్తిగా నమ్మి అతని పక్షాన వాలిపోవద్దు. విక్టర్ తమ్ముడు, చిన్నపిల్లవాడు విలియమ్‌ను చంపింది అతనే. ఏ పాపమూ ఎరగని ఆ ఇంటి పనిమనిషి జస్టిన్ ఉరికంబం ఎక్కడానికి కారణమూ అతనే. నిద్రపోతున్న ఆమె బట్టల్లో విలియమ్ మెడలోని బొమ్మను దాచింది తెలివి ఉన్నవాడే కానీ అమాయకుడు కాదు. జాలి, కోపం రెండూ ఒకేసారి కలగాలని రచయిత్రి కోరుకుంది. మీ జవాబులో కూడా రెండూ ఉండాలి.

6. గోథిక్ ఏది, సైన్స్ ఫిక్షన్ ఏది అన్నది వస్తువుల్లో వెతకండి

నిర్వచనాలతో పేజీ నింపకండి. పాత గోథిక్ కథల్లో, అంటే భయం పుట్టించే కథల్లో, ఉండే పాడుబడ్డ కోట ఇక్కడ లేదు. దాని బదులు విక్టర్ చదువుకున్న ఊరు ఇంగోల్‌స్టాట్‌లో మేడ మీద, మెట్లూ వసారా దాటితే గానీ చేరుకోలేని ఒంటరి గది ఉంది. దయ్యం లేదు, కానీ విక్టర్ తన సృష్టిని సమాధిలోంచి లేచొచ్చిన తన ఆత్మే అన్నట్టు చెప్పుకుంటాడు. స్మశానాలు, శవాలను కోసే గదులు ఉన్నాయి. గోథిక్ సామాన్లన్నీ ఉన్నాయి, మంత్రం మాత్రం లేదు. ఆ జాగాలో రసాయనశాస్త్రం వచ్చి కూర్చుంది.

సైన్సు సంగతి రాసేటప్పుడు ఆ కాలంవే వాడండి. ఇటలీలో లుయీజీ గాల్వానీ కప్ప కాళ్లు విద్యుత్తుతో కదలడం చూపించాడు. అతని మేనల్లుడు ఆల్దీనీ 1803లో లండన్‌లో ఉరి తీసిన నేరస్థుడి శవం మీద అదే ప్రయోగం బహిరంగంగా చేశాడు. చచ్చిన దవడ కదిలింది, ఒక కన్ను తెరుచుకుంది. 1831 ముందుమాటలో గాల్వానీ విద్యుత్తు ప్రస్తావన ఉంది.

అయితే సైన్సు చెడ్డది అని తేల్చేయకండి. ప్రొఫెసర్ వాల్డ్‌మన్ మంచివాడు, ఉదారుడు. నా దృష్టిలో విక్టర్ చేసిన పాపం ప్రాణం పోయడం కాదు, పోసి వదిలేసి పోవడం. చావబోతూ కూడా అతను తన నడవడి అంతా పరిశీలించుకున్నాననీ, తప్పేమీ కనిపించలేదనీ వాల్టన్‌తో అంటాడు. ఆశలకు దూరంగా ఉండమని నీతి చెప్పి, మరుక్షణమే తాను ఓడిపోయినా ఇంకొకడు గెలవవచ్చు అంటాడు. వెనక్కి వెళ్దామన్న ఓడ మనుషులను పిరికివాళ్లని తిడతాడు. అత్యాశ వద్దు అనే నీతి ఈ నవల్లో ఉందని రాసేముందు, ఆ నీతి చెప్పినవాడే దాన్ని పాటించలేదని రాయండి.

వాతావరణం, కొండలు, మంచు గురించి ఒక్క పేరా చాలు. మోంట్ బ్లాంక్ దగ్గరి హిమానీనదం మీద విక్టర్ ప్రశాంతత వెతుక్కుంటూ వెళ్తే, ప్రకృతి అతనికి ఎదురుగా ప్రాణిని తెచ్చి నిలబెడుతుంది. అంతకుమించి వర్ణనల జాబితా అక్కర్లేదు.

7. రచయిత్రి జీవితాన్ని జాగ్రత్తగా వాడండి

మేరీ 1797 ఆగస్టు 30న లండన్‌లో పుట్టింది. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, స్త్రీల హక్కుల కోసం రాసిన తొలితరం మేధావి, ప్రసవమైన పదకొండు రోజులకు సెప్టెంబరు 10న కన్నుమూసింది. 1815లో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన ఆడబిడ్డ కొద్ది రోజులకే చనిపోయింది. ఆ మార్చి నెలలో ఆమె డైరీలో ఒక కల రాసుకుంది: బిడ్డ చనిపోలేదట, ఒళ్లు చల్లబడిందంతేనట, మంట దగ్గర పెట్టి రుద్దితే బతికిందట.

1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి వల్ల 1816లో యూరప్‌కు వేసవి రాలేదు. జెనీవా సరస్సు దగ్గర కవి బైరన్ బస చేసిన విల్లా డియోడాటీలో మేరీ, పెర్సీ, బైరన్ వానకు చిక్కుకుపోయి, దయ్యం కథ తలా ఒకటి రాద్దామనుకున్నారు. మేరీకి అప్పుడు పద్దెనిమిదేళ్లు.

ఇవన్నీ వరసగా అప్పజెబితే జీవిత చరిత్ర అవుతుంది కానీ విమర్శ కాదు. ఏదైనా ఒక్కటి తీసుకుని నవల్లోని వాక్యానికి ముడిపెట్టండి. ఉదాహరణకు డైరీలోని కల పక్కన 5వ అధ్యాయాన్ని పెట్టండి. ఒకచోట తల్లి చల్లబడ్డ బిడ్డను దగ్గరికి తీసుకుని వెచ్చబరుస్తుంది. ఇంకోచోట కన్నవాడు బతికిన బిడ్డను చూసి పారిపోతాడు. ఇంకోటి: వాల్టన్ ఉత్తరాలు డిసెంబరు 11న మొదలై సెప్టెంబరు 12న ముగుస్తాయి, అంటే తొమ్మిది నెలల కాలం. ఉత్తరాలు అందుకునే మార్గరెట్ వాల్టన్ సావిల్ పొడి అక్షరాలు, పెళ్లయ్యాక మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పొడి అక్షరాలు ఒకటే. దీన్ని విమర్శకులు ఎప్పుడో పట్టుకున్నారు. మీరు వాడేటప్పుడు ఒక అడుగు ముందుకు వేయండి. కథ మొత్తం విన్నది ఒక స్త్రీ, ఆమె జవాబు మనకు ఒక్క ముక్క కూడా లేదు.

ఆడవాళ్ల గురించి ప్రశ్న వస్తే ఇక్కడినుంచే మొదలుపెట్టండి. మార్గరెట్ మాట్లాడదు. జస్టిన్ నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. పాపవిముక్తి ఉండదని పాదిరి బెదిరిస్తే చెయ్యని నేరం ఒప్పుకుంటుంది. ప్రాణికి జతగా ఆర్క్నీ దీవిలో తయారవుతున్న ఆడప్రాణిని కన్ను తెరవకముందే విక్టర్ ముక్కలు చేస్తాడు. ఆమె పుట్టకముందే కుదిరిన ఒప్పందానికి ఆమె ఒప్పుకోకపోతే ఎలా అని కూడా అతను ఆలోచించాడు సుమా. ఆమెకు సొంత ఇష్టం ఉంటుందన్న ఊహే అతని భయాల్లో ఒకటి.

8. రెండు కూర్పులనూ ఒక్కచోటైనా పోల్చండి

మొత్తం పోల్చడానికి టైం ఉండదు, అక్కర్లేదు కూడా. 2వ అధ్యాయం చివర చూడండి. విధి చాలా బలమైనదనీ, తన నాశనం ముందే రాసిపెట్టి ఉందనీ విక్టర్ చెప్పే వాక్యం 1831లో చేరింది. 1818 విక్టర్ తన దారి తానే ఎంచుకున్నట్టు ఎక్కువగా కనిపిస్తాడు. ఈ రెండు కూర్పుల మధ్య మేరీ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది, 1822లో భర్త సముద్రంలో మునిగి చనిపోయాడు. విధి మీద ఆమె ఆలోచన మారడానికి ఇదే కారణమని చాలామంది అంటారు. నాకు ఇంకోటి కూడా అనిపిస్తుంది. తన తప్పు ఒప్పుకోని మనిషి విధి మీదికి నెట్టేయడం సహజమే. ఆ వాక్యం రచయిత్రి నమ్మకమా, విక్టర్ సాకా అన్నది మీరు వాదించవచ్చు.

9. ఇప్పుడు రాయండి

కథ చెప్పకండి. దిద్దేవాళ్లకు కథ తెలుసు. ముందు ఒకే ఒక్క వాదనను ఒక వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యంతో ఎవరైనా విభేదించే వీలుండాలి. ఒంటరితనం ముఖ్యమైన ఇతివృత్తం అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అది వాదన కాదు. ఈ నవల్లో కన్ను క్రూరమైనది, చెవి దయగలది అన్నామనుకోండి, అప్పుడు నిరూపించాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది.

దాన్ని ఎలా నిరూపించవచ్చో చూపిస్తాను. 5వ అధ్యాయంలో గీత గీసిన వాక్యంతో మొదలుపెట్టండి: విక్టర్ చూశాడు, వినలేదు. 10వ అధ్యాయంలో హిమానీనదం మీద విక్టర్ తన కంటిముందు నుంచి పొమ్మని అరిస్తే, ప్రాణి తన రెండు చేతులతో అతని కళ్లు మూస్తాడు. చూడలేకపోతే చూడకు, నా మాట మాత్రం విను అంటాడు. ఆ తర్వాతే ఆరు అధ్యాయాల కథ బయటికి వస్తుంది. 15వ అధ్యాయంలో అతని మాట ఆదరంగా విన్న మొదటి మనిషి ముసలి డి లేసీ, ఆయనకు చూపు లేదు. కళ్లున్న ఫీలిక్స్ వచ్చి కర్రతో కొడతాడు. 16వ అధ్యాయంలో విలియమ్ అతన్ని చూడగానే తన కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని కేక వేస్తాడు, ఒక్క మాటైనా వినడు, ఆ సన్నివేశం హత్యతో ముగుస్తుంది. చివరి పేజీల్లో విక్టర్ శవం దగ్గర ప్రాణిని చూసిన వాల్టన్ తనకు తెలియకుండానే కళ్లు మూసుకుంటాడు. మూసుకుని, అతన్ని ఆగమంటాడు. నవల మొత్తంలో ఆ ప్రాణిని చూసి కూడా ఉండమన్నవాడు వాల్టన్ ఒక్కడే.

అయిదు సన్నివేశాలూ ఒకే తీరులో ఉన్నాయి. ఇక్కడ శైలిని కలపండి. నవల మొత్తం ఉత్తరాలుగా, నోటిమాటలుగా సాగింది కాబట్టి పాఠకులు కూడా ప్రాణిని చూడలేరు, వినగలరు అంతే. మేరీ షెల్లీ ఎంచుకున్న కథనపద్ధతి మనల్ని డి లేసీ కుర్చీలో కూర్చోబెట్టింది. సినిమా ఈ పని చేయలేదు, ఎందుకంటే అది ముందు చూపిస్తుంది. ఇతివృత్తం గురించి ఒక పేరా, శైలి గురించి వేరే పేరా రాయనక్కర్లేదని మొదట అన్నది ఇందుకే.

ఎదురు వాదన కూడా ఒకటి పెట్టండి. చెవి అంత దయగలదైతే, కథంతా విన్న విక్టర్ 20వ అధ్యాయంలో మాట ఎందుకు తప్పాడు? 17లో జాలిపడి జతను తయారుచేస్తానని ఒప్పుకున్నవాడే కదా. మీ జవాబు వెతకండి: ఆర్క్నీలో పని మధ్యలో తల ఎత్తి, వెన్నెల్లో కిటికీ దగ్గర అతని ముఖం చూశాకే విక్టర్ ఆ శరీరాన్ని చింపేశాడు. అంటే మళ్లీ చూపే గెలిచింది. అయితే ఆ నిమిషానికి ముందే అతనికి సందేహాలు మొదలయ్యాయన్నది కూడా దాచకుండా రాయండి.

రాయడం అయ్యాక ఒకసారి వెనక్కి చదువుతూ ప్రతి పేరాలో నవల్లోని ఒక నిర్దిష్టమైన వస్తువో, కదలికో, వాక్యమో ఉందో లేదో చూసుకోండి. కొవ్వొత్తి, మంచం తెర, చాచిన చెయ్యి, ఉత్తరాల నకలు, ఏదో ఒకటి ఉండాలి. లేని పేరాను కొట్టేసి, దాని బదులు 5వ అధ్యాయంలోంచో 15వ అధ్యాయంలోంచో ఒక వాక్యం తెచ్చి దానిగురించి రాయండి. టైం తక్కువై టెన్షన్‌గా ఉంటే చారిత్రక నేపథ్యం తగ్గించండి, ఆ అయిదు సన్నివేశాల్లో మూడైనా ఉంచండి. అధ్యాయాల సంఖ్యలు మీ కూర్పుకు సరిపోయాయో లేదో చూసుకుని అప్పుడు ఇచ్చేయండి.